గుండంలో ఎన్ని రోజుల నీళ్లు: దక్షిణ తెలంగాణ కోటల్లో నాలుగు రోజులు

పాతకాలపు కత్తులు, తుపాకులు చూడాలంటే హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది ఉంది. ఆ కత్తి పట్టినవాడు ఎక్కడ కాపలా కాశాడు, ఏ నీళ్లు తాగాడు, ఎన్ని నెలలు కొండ దిగకుండా ఉన్నాడు అన్నది తెలియాలంటే మాత్రం భువనగిరి నుంచి కోయిలకొండ దాకా కోటలెక్కాలి. ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాలు కాకతీయుల తర్వాత దాదాపు మూడు వందల ఏళ్లు సరిహద్దు నేల. బహమనీలు, విజయనగర రాయలు, రాచకొండ పద్మనాయకులు, గజపతులు, కుతుబ్‌షాహీలు అందరూ ఇక్కడ తలపడ్డారు. ఆఖరి యుద్ధం 1948 సెప్టెంబరులో తారురోడ్డు మీద జరిగింది.

ఈ నాలుగు రోజుల దారిలో ఒకే ప్రశ్న పట్టుకొని నడవమని మా మాట. కోట ఎక్కగానే గోడ ఎంత ఎత్తుందని చూడకండి, గుండం (బండలో తొలిచిన నీళ్ల కొలను) ఎక్కడుందో చూడండి. ఈ ప్రాంతపు యుద్ధాల్లో చాలావాటిని తేల్చింది నీళ్లు, తిండి, దారి. గోడలు బద్దలుకొట్టి గెలిచినవి తక్కువ.

బయలుదేరే ముందు కొన్ని జాగ్రత్తలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వానాకాలంలో బండ మీద పాచి పడుతుంది, కాలు నిలవదు. మార్చి దాటితే పది గంటలకే బండ కాలుతుంది. మనిషికి 3 లీటర్ల నీళ్లు మోసుకోవాల్సిందే, ఏ కొండ మీదా నీళ్లు అమ్మరు, గుండాల్లో నీళ్లు తాగడానికి పనికిరావు. రబ్బరు అడుగున్న బూట్లు, టార్చి, 10 మీటర్ల తాడు, చిన్న పుస్తకం, ఫోన్‌లో ముందే దింపుకున్న మ్యాపు ఉండాలి. తాడు ఎక్కడానికి కాదు, గుండం లోతు కొలవడానికి. చివరకు రాయి కట్టి, మీటరుకో ముడి వేసుకోండి. రాష్ట్ర పురావస్తు శాఖ మ్యూజియాలకు సాధారణంగా శుక్రవారం సెలవు కాబట్టి శనివారం బయలుదేరితే రోజులు కలిసొస్తాయి. ఒంటరిగా వెళ్లొద్దు. భువనగిరి తప్ప మిగతా కోటల్లో సగం రోజు మనిషి ఎదురుపడకపోవచ్చు.

మొదటి రోజు: భువనగిరి, తర్వాత విజయవాడ రోడ్డు

ఉప్పల్ నుంచి ఆర్టీసీ బస్సులో గానీ, సికింద్రాబాద్–కాజీపేట రైల్లో గానీ భువనగిరి చేరి ఉదయం ఏడింటికల్లా కొండ కింద ఉండాలి. దూరం నుంచి చూస్తే కోడిగుడ్డును పడుకోబెట్టినట్టు కనిపించే ఒకే ఒక్క బండ ఇది. చుట్టూ నేల కంటే దాదాపు 500 అడుగులు పైకి లేచింది. పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల ఆరవ విక్రమాదిత్యుడి పేరు మీద త్రిభువనగిరి అయింది, వాడుకలో భువనగిరిగా మిగిలింది.

మొదటి ద్వారం దగ్గర తొందరపడకండి. ఈ కాలపు కోటల గవినులన్నీ (కోట ద్వారాలన్నీ) ఒకే యుక్తి మీద కట్టారు: దారి నేరుగా తలుపు ముందుకు రాదు, పక్క నుంచి వచ్చి చటుక్కున మలుపు తిరుగుతుంది. ఏనుగుకు గానీ, తలుపు బద్దలుకొట్టే దూలం మోసేవాళ్లకు గానీ పరుగు తీసే చోటు దొరకకూడదు. తలుపు చెక్కల మీది ఇనుప ముళ్లు ఏనుగు నుదుటి ఎత్తున ఉంటాయి. మలుపులో నిలబడి తల ఎత్తి చూస్తే మూడు వైపులా గోడలే. పైనున్న పదిమంది చేతుల్లో రాళ్లుంటే చాలు, కింద వందమంది ఇరుక్కుపోతారు.

పైకి పోతున్నకొద్దీ కట్టిన మెట్లు పోయి బండలో తొలిచిన మెట్లు వస్తాయి. కమ్మీ ఉన్నచోట పట్టుకొనే నడవండి. బండ మీద అక్కడక్కడా పొర లేచి ఉంటుంది, అడుగు పెడితే డొల్ల శబ్దం వస్తుంది. ఎండకూ చలికీ గ్రానైటు ఉల్లిపొరలా ఊడిపోయే చోట్లు అవి. శబ్దం మారగానే పక్కకు జరగాలి. నిటారు బండల కింద పెద్ద తేనెతుట్టెలు కడతాయి. సెంటు పూసుకొని వెళ్లడం, పొగ పెట్టడం, అరవడం మూడూ ప్రమాదమే. ఈ బండ మీదే కొండలెక్కడం నేర్పే శిక్షణ నడుస్తుంది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ మొదటి పాఠాలు ఇక్కడే నేర్చుకున్నారు.

సగం దారిలో బండ అంచున చేతివేలంత పొడవున్న గుంటలు వరసగా కనిపిస్తే కూర్చొని చూడండి. బెత్తెడు దూరానికొకటి, అన్నీ ఒకే గీత మీద. రాయి కొట్టినవాళ్లు ఇనుప చీలలు దిగ్గొట్టిన గుంటలు. ఒక్కో చీలనూ వంతులవారీగా కొద్దికొద్దిగా కొడుతూ పోతే ఆ గీత వెంబడి బండ చీలుతుంది. కొన్నిచోట్ల గుంటలున్నాయి గానీ రాయి చీలలేదు. పని మధ్యలో ఆగిపోయిందన్నమాట. గుంటలో వేలు పెడితే అడుగు ఇప్పటికీ గరుకుగానే తగులుతుంది. కోటకు రాయి బయట నుంచి రాలేదు. కాళ్ల కింది బండనే పెళ్లగించి గోడ కట్టారు, పెళ్లగించిన గుంతను నీళ్లకు వదిలారు. ఒకే దెబ్బకు రెండు పనులు.

శిఖరం మీద బాలాహిస్సార్ (కోటలో అన్నిటికంటే ఎత్తున ఉండే లోపలి కోట) కట్టడం చుట్టూ అందరూ ఫొటోలు దిగుతారు. దాన్ని ఐదు నిమిషాల్లో చూసి గుండాల దగ్గరికి రండి. లెక్క ఇలా వేయాలి. ఎకరం బండ మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 40 వేల లీటర్లు. ఈ కోట విస్తీర్ణం 40 ఎకరాలంటారు, ఒక్క మంచి జల్లుకు 16 లక్షల లీటర్లు పైన పడతాయి. అందులో ఎక్కువ భాగం అంచుల నుంచి జారిపోతుంది. పట్టుకోవడానికి బండలో వేలెడు లోతు కాలువలు తొలిచారు, వాలుకు అడ్డంగా మోకాలెత్తు కట్టలు కట్టారు. పై గుండంలో మట్టి పేరుకొని, తేరుకున్న నీళ్లు కింది గుండంలోకి దిగాలి. అందుకే గుండాలు జంటలుగానో వరసగానో ఉంటాయి.

ఇప్పుడు గుండం పొడవు, వెడల్పు అడుగులేసి కొలవండి. మామూలు అడుగు 75 సెంటీమీటర్లు. 27 అడుగుల పొడవు, 13 అడుగుల వెడల్పు వస్తే సుమారు 20 మీటర్లకు 10 మీటర్లు. లోతు 2 మీటర్లనుకుంటే 4 లక్షల లీటర్లు. తాగడానికీ వంటకూ కలిపి మనిషికి రోజుకు 5 లీటర్లు. 500 మంది కాపలా ఉంటే రోజుకు 2,500 లీటర్లు, అంటే 160 రోజుల నీళ్లు.

చాలామంది లెక్క ఇక్కడే ఆపేసి తప్పుతారు. ఎండాకాలంలో మన ప్రాంతంలో రోజుకు 7 మిల్లీమీటర్ల నీళ్లు ఎండకే పోతాయి. 200 చదరపు మీటర్ల గుండం మీద అది 1,400 లీటర్లు. మనుషులు తాగేదాంట్లో సగానికి పైగా సూర్యుడే తాగుతాడు. 160 రోజులు కాస్తా 102కు పడిపోతాయి. మాఘం మొదట్లో ముట్టడి మొదలైతే వైశాఖం ముగిసేలోపే అడుగు కనిపిస్తుంది, మృగశిర కార్తె ఇంకా రాదు. అవే 4 లక్షల లీటర్లు 10 మీటర్లకు 10 మీటర్ల గుండంలో 4 మీటర్ల లోతున ఉంటే ఎండకు పోయేది సగమే, 125 రోజులు నడుస్తుంది. బండ సందులో, నీడపట్టున, ఇరుకుగా, లోతుగా ఉన్న గుండానికి అంత విలువ అందుకే. అలాంటిది కనిపిస్తే అది కోటలోకెల్లా పదిలంగా కాపాడుకున్న చోటు అనుకోవచ్చు.

గుర్రాలను ఈ లెక్కలో చేర్చి చూడండి. గుర్రానికి రోజుకు 30 నుంచి 40 లీటర్లు కావాలి. పది గుర్రాలు డెబ్భై మంది నీళ్లు తాగేస్తాయి. ఈ లెక్క మూడో రోజు పానగల్‌లో మళ్లీ అక్కరకొస్తుంది.

నీళ్లున్న కోట కూడా పండుగనాడు పడిపోగలదు. 1708లో సర్వాయి పాపన్న ఏప్రిల్ మొదట్లో, మొహర్రం పదో రోజు వేళకు వరంగల్లు మీద పడ్డాడు. జూన్ మొదట్లో, ప్రవక్త జన్మదినం వేళకు భువనగిరి మీదికి వచ్చాడు. రెండుసార్లూ జనమూ కాపలావాళ్లూ పండుగ సందట్లో ఉన్న సమయం చూసుకున్నాడు. మొఘల్ ఏలుబడిలో గీతకార్మిక కులం నుంచి లేచినవాడు కోటలు పట్టిన తీరు ఇది. దండుబలం తక్కువైనవాడికి పంచాంగమే ఆయుధం.

పదిన్నరకల్లా దిగిపోవాలి. దిగడానికి ఎక్కినంత సమయం పడుతుంది, మోకాళ్లు దిగేటప్పుడే పట్టేస్తాయి. ఇదే భువనగిరిలో 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగింది. ఊళ్లలో సంఘం (ఆంధ్ర మహాసభకు జనం పెట్టుకున్న పేరు) బలపడి, వెట్టికీ లెవీకీ (బలవంతపు ధాన్యం వసూలుకూ) ఎదురు తిరగడానికి ఊతం దొరికింది ఈ సభతోనే. మధ్యాహ్నం ప్రయాణం ఆ కథలోకి.

వలిగొండ, రామన్నపేట మీదుగా చిట్యాల దగ్గర విజయవాడ జాతీయ రహదారి ఎక్కండి. అక్కడి నుంచి నార్కట్‌పల్లి, నకిరేకల్ దాటి సూర్యాపేట వైపు. ఇది 1948లో నిజాం హైదరాబాద్ సంస్థానం మీదికి భారత సైన్యం వచ్చిన దారే, మనం ఎదురు దిశలో పోతున్నాం. సెప్టెంబరు 13న ప్రధాన దళం సోలాపూర్ వైపు నుంచి మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి నాయకత్వంలో కదిలింది. విజయవాడ వైపు దళానికి మేజర్ జనరల్ ఎ.ఎ. రుద్ర నాయకుడు. కోదాడ, సూర్యాపేట, నార్కట్‌పల్లి, చిట్యాల వరసగా చేతికొచ్చాయి. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. 18న నిజాం సేనాధిపతి జనరల్ ఎల్ ఎడ్రూస్ లొంగిపోయాడు. మన పెద్దలు పోలీసు యాక్షన్ అని చెప్పేది ఇదే.

మూసీ వంతెన దగ్గర బండి వంతెన మీద ఆపకండి, లారీలు ఆగవు. దాటిన తర్వాత పక్కకు దిగి ఏటి ఒడ్డున నిలబడండి. వెనక్కి తగ్గుతున్న నిజాం సేన ఇక్కడ మూసీ వంతెనను ధ్వంసం చేసింది. యుద్ధవిద్యలో మొదటి పాఠం ఏమిటంటే, అడ్డంకి పెట్టినవాడు దాని మీద తుపాకీ గురి కూడా పెట్టాలి. వంతెన కూల్చారు గానీ ఎదుటి ఒడ్డు నుంచి కాల్పులు జరపడానికి మనుషుల్ని ఉంచలేదు. బాగుచేసేవాళ్లు నిర్భయంగా పని చేసుకున్నారు, దళం త్వరలోనే దాటింది. సెప్టెంబరు మూసీలో నీళ్లుండే నెల. గురి కాసే తుపాకులు కొన్ని ఎదుటి ఒడ్డున ఉంటే ఆలస్యం గంటల్లో కాకుండా రోజుల్లో ఉండేది.

సైన్యం రాకముందే రెండేళ్లుగా ఈ ఊళ్లు పోరాడుతున్నాయి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. వడిసెలలు, గుతపలు (దుడ్డుకర్రలు), బరిసెలు, కారంపొడి జనం ఆయుధాలు. వడిసెల చేతికిస్తే ఎవరైనా తిప్పగలరనుకుంటారు. రాయి జారే క్షణం తప్పితే పక్కవాడి తల పగులుతుంది. పొలంలో పిట్టలు తోలిన అలవాటే అక్కడ కవాతు. చిట్యాల మండలం గుండ్రాంపల్లిలో రజాకార్ల చేతిలో చనిపోయినవాళ్ల గుర్తుగా స్తూపం ఉంది. ఆగి చెప్పులు విడిచి నిలబడి రండి. ఊళ్లో పెద్దవాళ్లను అడిగేటప్పుడు కథ చెప్పమని పీడించొద్దు, వాళ్లంతట వాళ్లు చెబితే వినండి.

ఈ రోడ్డు మీద రెండు విషయాలు కలిపి చెప్పకపోతే అన్యాయమవుతుంది. సైనిక చర్య ముగిశాక సంస్థానంలో సాధారణ ముస్లింల మీద దాడులు జరిగాయి. భారత ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ తక్కువలో తక్కువగా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువ నష్టపోయాయి. ఇక నల్లగొండ రైతుల పోరాటం నిజాంతో ఆగలేదు, భారత సైన్యంతో సాగి 1951 అక్టోబరులో విరమణ అయింది. స్తూపాల మీది తేదీలు చదివేటప్పుడు 1948 సెప్టెంబరుకు ముందా, తర్వాతా అని చూడండి. ఎవరి తుపాకీకి పోయారో తేదీయే చెబుతుంది.

రాత్రి నల్లగొండలో బస.

రెండో రోజు: నల్లగొండ పానగల్లు, దేవరకొండ

మొదట ఒక హెచ్చరిక. పానగల్లులు రెండున్నాయి. నల్లగొండ పక్కనే ఉన్నది కందూరు చోడుల నాటి గుళ్ల ఊరు. రేపు వెళ్లబోయే పానగల్ వనపర్తి జిల్లాలో ఉన్న కొండకోట. ఫోన్‌లో పేరు కొట్టి బండి తోలినవాళ్లు ఒకదానికి బదులు ఇంకోదాని ముందు దిగిన సందర్భాలు తక్కువేం కాదు. జిల్లా పేరు చేర్చి వెతకండి.

ఛాయా సోమేశ్వరాలయంలో కదలని నీడను చూసి, పచ్చల సోమేశ్వరాలయానికి రండి. దాని గోడల మీద రామాయణ, భారత దృశ్యాలు చెక్కారు. పురాణం కోసం కాకుండా పోరాట దృశ్యాల కోసం చూడండి. రథం మీద విలుకాడు ఎలా నిలబడ్డాడు, డాలు ఏ ఆకారంలో ఉంది, కాలిబంటు చేతిలో ఏముంది? శిల్పి కురుక్షేత్రం చూడలేదు. తన కాలపు బంట్లను చూసే చెక్కి ఉంటాడు. పక్కనే మ్యూజియం. ఇక్కడగానీ, ఈ దారిలో ఇంకెక్కడైనా గానీ వీరగల్లు కనిపిస్తే కింది నుంచి పైకి చదవాలి. కింది అరలో వీరుడు పోరాడి పడిపోతాడు. నడిమి అరలో అప్సరసలు మోసుకుపోతారు. పై అరలో శివలింగం ముందు చేతులు జోడించి కూర్చుంటాడు, పైన సూర్యచంద్రులు. కింది అరలో ఆవులుంటే ఊరి పశువులను దోచుకుపోతుంటే అడ్డుపడి చచ్చినవాడు. రాజుల శాసనాల్లో పేరెక్కని మనిషికి దొరికిన ఒకే ఒక పుట ఆ రాయి.

దేవరకొండకు రెండు గంటల లోపు ప్రయాణం. పన్నెండింటికి కొండ కిందికి చేరితే కాసేపు నీడపట్టున తిని, మూడింటికి ఎక్కండి. పద్నాలుగో శతాబ్దంలో రేచర్ల పద్మనాయకులు రెండు శాఖలుగా ఏలారు: అనపోతుడి వాళ్లు రాచకొండలో, మాదానాయకుడి వాళ్లు దేవరకొండలో. రాచకొండను ఈ నాలుగు రోజుల్లో ఇరికించకండి, దానికి విడిగా ఒక రోజు కావాలి.

దేవరకొండ ఒక కొండ మీది కోట కాదు. ఏడు కొండలను కలుపుతూ గోడ పోతుంది, మధ్యలో లోయలు కోట లోపలే. 360 బురుజులు, 23 పెద్ద బావులు, 53 దిగుడు బావులు అని ఊళ్లో లెక్క చెబుతారు. అన్నీ దొరకవు గానీ లోపల అడుగడుగునా బావులు, గుండాలు తగిలే మాట నిజం. భువనగిరిలో బండ మీది వాన నీళ్లే దిక్కు. ఇక్కడ లోయలో ఊట ఉంది, పొలం ఉంది. ఇలాంటి కోటను ఆకలితో, దాహంతో లొంగదీయడం కుదరదు.

గోడను చదవడం ఇక్కడ నేర్చుకోవాలి. ఒక చోట ఆగి చేతితో తడమండి. కింద మనిషి నడుము ఎత్తుండే రాళ్లు, సున్నం లేకుండా, ఒకదాని ఒంపులో ఇంకొకటి కూర్చుని ఉంటే అది పాతది. దాని మీద చిన్న రాళ్లు, మధ్యలో డంగు సున్నం, పైన కోటకొమ్మలు, వాటిలో వాలుగా కిందికి చూసే కన్నాలు ఉంటే అది తుపాకీ మందు వచ్చిన తర్వాతి పొర. రెండింటి మధ్య అతుకు గీత స్పష్టంగా కనిపిస్తుంది. సున్నం పైనే ఆగిపోతుంది, కింది రాళ్ల సందులో మట్టి, చీమల పుట్టలు. బురుజు నలుచదరంగా ఉంటే పాత కాలం, గుండ్రంగా ఉంటే ఫిరంగి కాలం అని చాలావరకు నమ్మొచ్చు. మూలకు గుండు తగిలితే మూల రాలిపోతుంది, గుండ్రని గోడకు తగిలితే పక్కకు జారుతుంది. పైగా నలుచదరపు బురుజు ముందు, మూలల చాటున పైవాళ్లకు కనిపించని చోటు మిగిలిపోతుంది.

పడమటి గోడ మీదికి చేరాక చుట్టూ కొండల మధ్య సందులు చూడండి. 1459 ప్రాంతంలో బహమనీ సుల్తాన్ హుమాయూన్ షా సేన ఈ కోటను చుట్టుముట్టింది. కోటవాళ్లు ఒడిశా గజపతులను సాయం పిలిచారు. గజపతి దండు వస్తోందని తెలిసి బహమనీ సేనానుల్లో నిజాముల్ ముల్క్ ముట్టడి వదిలి మైదానానికి పోయి ఎదుర్కొందామన్నాడు. ఖ్వాజా జహాన్ ఒప్పుకోలేదు, పారిపోయినట్టు ఉంటుందన్నాడు. ముందు కోటవాళ్లు, వెనక గజపతులు. ఈ ఇరుకులో గుర్రపుదళం తిరగడానికి చోటు లేక సేన నలిగిపోయింది. ఆ ఇద్దరిలో ఎవరి మాట సరైనదో పుస్తకం చదివి తేల్చుకోవడం కష్టం. ఇక్కడ గోడ మీద నిలబడితే అర నిమిషం పట్టదు.

ఐదున్నరకు దిగడం మొదలుపెట్టాలి. పొదల్లో ఎక్కడైనా తాజాగా తవ్విన గొయ్యి కనిపిస్తే గుప్తనిధుల కోసం తవ్వినవాళ్ల పని. ఆ ముఠాలతో మాట కలపకండి, దిగాక పోలీసులకో పంచాయతీకో చెప్పండి. ఐదారు వందల ఏళ్ల వానలకు తట్టుకున్న గోడ గునపానికి ఒక్క రాత్రిలో కూలుతుంది. శత్రువులు చేయని నష్టం ఈ తవ్వకాలు చేస్తున్నాయి, చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది.

కల్వకుర్తి మీదుగా నాగర్‌కర్నూల్ చేరి రాత్రి ఉండండి.

మూడో రోజు: పానగల్

రోజంతా ఈ ఒక్క కోటకే. పొద్దున్నే బయలుదేరి ఏడున్నరకల్లా కొండ కింద ఉంటే మంచిది. దారి చెప్పడానికి ఊరి నుంచి ఒకరిని మాట్లాడుకోండి, రోజు కూలి ముందే అనుకోండి. సీతాఫలం పొదలు, బలుసు కంపలు దారిని మింగేస్తాయి. నిరుడు వెళ్లిన బాట ఈ ఏడు ఉండదు. పూర్తి చేతుల చొక్కా వేసుకోండి. గొర్లు మేపేవాళ్లు ఎదురైతే "పెద్దయ్యా, గుండం యాడున్నది?" అని అడగడమే అన్ని మ్యాపుల కంటే నమ్మకమైన దారి. గొర్రెలకు నీళ్లెక్కడో వాళ్లకు తెలియాలి, కోటవాళ్లకు కూడా అదే తెలియాలి.

ముళ్ల గవిని దాటి పైకి పోతుంటే గోడ తర్వాత గోడ వస్తుంది. ఏడు ప్రాకారాలని పాత గెజిటీరు చెబుతుంది. కొండ పొడవు మైలున్నర, వెడల్పు మైలు, నడిమధ్య బాలాహిస్సార్. ద్వారం మీద 1604 నాటి శాసనం ఉంది. చాలా తర్వాత, 1786 నుంచి 1789 దాకా నిజాం అలీ ఖాన్ ఇక్కడ ఉన్నాడు. దక్షిణాన కృష్ణ. గుల్బర్గా నుంచి తూర్పుకు, విజయనగరం నుంచి ఉత్తరానికి వచ్చే దారులకు ఈ కొండ కాపలా. అందుకే ఎవరూ వదల్లేదు.

1417లో బహమనీ సుల్తాన్ ఫిరోజ్ షా ఈ కోట ముందు దిగాడు. రెండేళ్లు కదల్లేదు. కోట పడలేదు. చివరకు ముట్టడి వేసిన శిబిరంలోనే అంటురోగం పుట్టి మనుషులు, గుర్రాలు చచ్చాయి. మొదటి దేవరాయలు తెలుగు నాయకుల అండతో వచ్చి మీద పడితే ఫిరోజ్ షా ఓడి వెనుదిరిగాడు. ఆ దెబ్బ నుంచి తేరుకోలేదు. 1422లో సింహాసనం తమ్ముడు అహ్మద్ షాకు పోయింది, అదే ఏడు కన్నుమూశాడు.

ముట్టడి వేసినవాడికే రోగం ఎందుకొచ్చింది? పై గోడ మీద కూర్చొని కింది మైదానం చూస్తూ లెక్క వేయండి. పదివేల గుర్రాలున్న దండు అనుకుంటే, గుర్రాలకే రోజుకు 3 నుంచి 4 లక్షల లీటర్లు. నిన్నగాక మొన్న భువనగిరిలో కొలిచిన గుండాన్ని ఒక్క రోజులో తాగేస్తాయి. కాబట్టి దండు చెరువు పక్కనే దిగాలి. అదే చెరువులో గుర్రాలు తాగుతాయి, కడుగుతారు, ఒడ్డున పేడ పడుతుంది, వాన పడితే అదంతా చెరువులోకే పోతుంది. మనుషుల మలమూత్రాలూ అంతే. చుట్టుపక్కల పది ఊళ్ల గడ్డి, ఉలవలు రెండు మూడు నెలల్లో అయిపోతాయి, మేత కోసం దూరం పోయిన గుంపులు దారిలో దెబ్బతింటాయి. గెలవాలని వచ్చిన దండు శిబిరం మారాలి, లేదా తన మురుగులోనే మునగాలి. శిబిరం మారిస్తే ముట్టడి సడలుతుంది. పైనున్న కోటలో కొద్దిమంది, గుర్రాలు కొద్ది, గుండాలు ఎత్తున, మురుగు కిందికి. కాలం పైవాళ్ల వైపు ఉంటుంది.

ఇదే కోట 1513లో సుల్తాన్ కులీ కుతుబ్ షా విజయనగర సేనను ఓడించిన చోటు కూడా. ఒక కోట గెలిచిందా ఓడిందా అని అడగడం కంటే, ఆ ఏడు బయట నుంచి సాయం వచ్చిందా లేదా అని అడిగితే జవాబు దగ్గరగా వస్తుంది.

గుండాల దగ్గర తాడుతో లోతు కొలిచేటప్పుడు ఒకటి మరవొద్దు. ముడి లెక్క నీళ్ల లోతు మాత్రమే చెబుతుంది, అడుగున పూడిక రెండు మూడు మీటర్లుండొచ్చు. రాయి ఠంగుమని తగిలితే బండ, మెత్తగా దిగితే పూడిక. అంచు నుంచి రెండడుగులు ఎడంగా నిలబడి, రెండోవాళ్లు నడుము పట్టుకొని ఉండగా కొలవండి. పాచి పట్టిన మెట్లలో దిగి ఈత కొట్టాలని చూసినవాళ్లు మళ్లీ ఎక్కలేక మునిగిపోయే ప్రమాదం ప్రతి కోటలో ఉంది, ఎందుకంటే తొలిచిన గుండానికి గోడలు నిటారు, పట్టు ఉండదు.

మధ్యాహ్నం తిండికి జొన్నరొట్టెలు, పల్లి కారం కట్టించుకుపోవడం మేలు. సర్వపిండి అయితే రెండో రోజుకూ పాడుకాదు. నాలుగింటికి దిగి రాత్రికి వనపర్తి.

నాలుగో రోజు: ఖిల్లా ఘనపురం, పిల్లలమర్రి, కోయిలకొండ

ఖిల్లా ఘనపురానికి గంటలోపే. గోన వంశీయులు కాకతి గణపతిదేవుడి పేరు నిలిపిన ఊరు, రెండు కొండలను కలిపి కట్టిన కోట. కొండ ఎక్కక ముందు గణపసముద్రం చెరువు కట్ట మీద నిలబడండి. చెరువు, కొండ, కోట మూడూ ఒకే చూపులో పడతాయి. పంట పండించే నీళ్లు, పంటను దాచే కొండ. కాకతీయుల సామంతులకు వ్యవసాయం వేరు, యుద్ధం వేరు కాదని ఇంత సూటిగా చూపే చోటు ఈ దారిలో ఇంకొకటి లేదు. కోట మీద రెండు గంటలు చాలు.

మహబూబ్‌నగర్ పక్కన పిల్లలమర్రిలో మ్యూజియం, శ్రీశైలం ముంపు నుంచి తరలించిన ఆలయం ఉన్నాయి. శిల్పాల్లో కత్తి పట్టిన బొమ్మలున్నచోట ఆగండి. కత్తి నిటారుదా వంపుదా, డాలు గుండ్రందా పొడవుదా గీసుకోండి, మొన్నటి పచ్చల సోమేశ్వరం బొమ్మలతో పోల్చుకోవచ్చు. గంట మించి ఉండొద్దు, కోయిలకొండకు వెలుగు మిగలాలి.

కోయిలకొండ కోటకు ఊరి నుంచే మెట్లు. ఎక్కడానికి గంట, పైన గంట, దిగడానికి ముప్పావు గంట. మూడింటికి ఎక్కితే సరిపోతుంది. గోల్కొండ చరిత్ర ఒక మలుపు తిరిగింది ఈ కొండ మీద. అన్న జంషీద్‌కు భయపడి విజయనగరంలో తలదాచుకున్న ఇబ్రహీం కుతుబ్ షా, 1550లో తిరిగి వచ్చి గోల్కొండకు వెళ్లేముందు ఇక్కడే ఆగాడు. కోటను కాసే తెలుగు నాయకవాడి బంట్లు ఆయన వైపు నిలుస్తామని ఒట్టు పెట్టుకొని, ఆ ఒట్టును తెలుగులో రాతి మీద చెక్కించారు. మూడు రోజులుగా గోడలూ గుండాలూ చూశాం. వాటి లోపల కూర్చున్న బంటు ఎవరి పక్షమన్నది చివరి లెక్క. తలుపు లోపలి నుంచి తెరుచుకుంటే ఏడు ప్రాకారాలున్నా ఉపయోగం లేదు. ఆ సంగతి తెలిసిన రాజు కాబట్టే ఒట్టు వాళ్ల భాషలో, వాళ్ల కోటలో ఉండనిచ్చాడు.

ఈ కోటల్లో ఏ శాసనం కనిపించినా అక్షరాల మీద సుద్ద పూయకండి, నూనె రాయకండి, నీళ్లు పోసి బ్రష్‌తో రుద్దకండి. సుద్ద సందుల్లో గడ్డకడుతుంది, నూనెకు దుమ్ము అంటుకొని నల్లబడుతుంది. టార్చిని రాతికి దాదాపు ఆనించి పక్క నుంచి వెలుగు పారించండి. ఎదురుగా వేస్తే కనిపించని గీతలు వాలు వెలుగులో నీడ పడి లేచి నిలబడతాయి. నాలుగు దిక్కుల నుంచి నాలుగు ఫొటోలు తీస్తే ఇంటికెళ్లాక చదవొచ్చు. తలకట్టు, దీర్ఘం గీతలు సన్నవి కాబట్టి ముందుగా అవే అరిగిపోతాయి, వాటిని వెతుక్కోవాలి. సాయంత్రం నాలుగున్నర నుంచి ఐదున్నర మధ్య దక్షిణ ముఖం ఉన్న రాళ్లకు టార్చి కూడా అక్కర్లేదు, ఎండే ఆ పని చేస్తుంది. ఐదున్నర దాటగానే దిగండి. మహబూబ్‌నగర్ బస్సు టైము ఎక్కేముందే ఊళ్లో అడిగి పెట్టుకోండి.